రెండు గోనెసంచులు

కిందటి ఎండాకాలం మహబూబాబాద్ బస్టాండులో ఒకామె దూడంత కుక్కను నడిపిస్తూ కనిపించింది. నున్నటి బండల మీద రెండు గోనెసంచులు వరుసగా పరిచి, దాని నడుము కింద పాత చీర చుట్టి, రెండు కొసలూ పైకెత్తి పట్టుకుంది. కుక్క ముందు సంచి మీదికి రాగానే వంగి వెనక సంచిని లాగి ముందు వేసేది. వంగినప్పుడల్లా చీర వదులై కుక్క నడుము కుంగేది.

నేను దగ్గరికి వెళ్లాను.

"ఆ వెనక సంచి జర ముందటికి గుంజు అన్నా," అంది. "తుంటి అరిగింది. ఉత్త బండ మీద జారితే ఇగ లేవడు."

సంచి లాగుతూ ఎక్కడికని అడిగాను.

"వరంగల్ దవాఖానకు. గార్ల నుంచి ట్రాలీల తెచ్చిన. ఇగ బాగుకాదని మా ఊరి డాక్టరు చెప్పిండు. పండవెడితే ఈ నాలుగడుగులు గూడ మరుస్తడని నడిపిస్తున్న. మిర్చి చేన్ల అడివి పందులను తరిమినోడు."

ఇద్దరం కలిసి దాన్ని బస్సు దాకా తెచ్చాం. కండక్టరు కుక్కను చూసి మెత్తగానే చెప్పాడు.

"నిలవడ జాగ లేదక్కా. గింత పెద్దదాన్ని యాడ పండవెడతవ్?"

ఆమె బతిమాలలేదు. నేను వెళ్లాల్సిందీ అదే బస్సు, ఎక్కాను.

బస్సు కదులుతుంటే కిటికీలోంచి చూశాను. ఆమె కుక్కను గేటు వైపు తిప్పింది. వెనక సంచి కోసం వంగింది. దాని నడుము మళ్లీ కుంగింది.