కువైట్ నుంచి చెప్పిన ఎనిమిదులు

మొన్న పొద్దున మా పాప హాస్టల్ నుంచి పంపిన ఫోటోలు పెద్దగా చూద్దామని పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సెల్‌ఫోన్‌లో అన్నీ వస్తున్నాయి, దీంట్లో మాత్రం ఒక్క పేజీ తెరుచుకోదు. ‘డీఎన్ఎస్ అడ్రస్ దొరకలేదు’ అని తెర మీద రాసింది. అది చదివి విసుక్కోవలసిన దాన్ని, నవ్వుకున్నాను. ఆ వెనకే మనసు బరువెక్కింది.

ఈ కంప్యూటర్‌ను మా ఆయన డ్రైవర్ పని మీద కువైట్ పోయేముందు కడపలో కొని, ఆ బండ టీవీ లాంటి తెరను ఒళ్లో పెట్టుకుని కమలాపురం దాకా ఆటోలో తెచ్చాడు. ఆయన నాకు మేనత్త కొడుకే. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను. పుట్టే బిడ్డను ఇందులోనే చూస్తానని చెప్పి పోయాడు. మా అత్త దానికి దుమ్ము పడకుండా తన పట్టుచీర కప్పేది. చీరకు దుమ్ము పడితే మాత్రం నన్ను తిట్టేది. పాప పుట్టాక, ఆయనకు సెలవున్న ఒక శుక్రవారం, బిడ్డకు తలంటి కాటుక పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంటే, సరిగ్గా ఇదే రాత. ఆయనకు ఫోన్ చేసి ఏడ్చేశాను.

“నెట్టు డబ్బాకు లైటు వెలుగుతాండాది బావా, ఏమీ రాదు.”

“ఏడవాకు. లైను బాగానే ఉండాది. మనం పేరు కొడితే దాని నంబరు వెతికిచ్చేది ఒకటుంటాది. అది పలకడంల్యా. వేరేదాని నంబరు పెడదాం.”

తన గదిలో ఉండే మలయాళీని అడుగుతూ, ఒక్కొక్కటే నాకు చెప్పాడు. ఎక్కడ నొక్కాలో, ఏ గడిలో రాయాలో, నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేదాకా ఆగి ఆగి చెప్పాడు.

“ఎనిమిది కొట్టు. చుక్క. మళ్లీ ఎనిమిది.”

“మళ్లీనా?”

“మళ్లీనే. ఇంకా రెండుండాయి.”

“మీ మలయాళీకి వేరే అంకె రాదా బావా?”

అంత దూరాన ఆయన నవ్వు నా చెవిలో పడింది. కాసేపటికి తెర మీద ఆయన ముఖం వచ్చింది. పాపను ఎత్తి చూపించాను. ఆయన ముఖం తెరకు ఇంకా దగ్గరికి జరిగింది.

“బావా, ఇనపడతాందా?”

“ఇనపడతాండాది. కొంచేపు మాట్లాడాకు,” అన్నాడు.

ఆయన వచ్చేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాపరాళ్ల వ్యాపారం. మొన్న, ఆ అంకెలు నాకు నోటికి వచ్చినా, ఆయనకే ఫోన్ చేసి ఏం చేయాలని అడిగాను. “లారీకి లోడు ఎత్తిస్తాండా. ఎవర్నన్నా రిపేరోన్ని పిలిపీ,” అని పెట్టేశాడు. మంచి మనిషే. మధ్యాహ్నం నాకిష్టమని సీతాఫలాలు తెచ్చాడు, అన్నం తిని పడుకున్నాడు. కంప్యూటర్ సంగతి అడగలేదు. నేనే సరిచేసుకుని, పాప ఫోటోలు ఒక్కదాన్నే చూశాను.

ఆ ఏళ్లన్నీ ఈయన ఇంటికొచ్చే రోజు కోసం ఎదురుచూశాను. ఇప్పుడు ఈయన పక్క గదిలో నిద్రపోతుంటే, ఆ ఎదురుచూసిన రోజుల కోసమే ప్రాణం కొట్టుకుంటోంది.