పదకొండు మంది ఆఫీసర్లు, ఒక్క టేబుల్

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట ముందే చెప్పేస్తే, నేను పెట్టిన క్లబ్బు ఎందుకు మూతపడిందో అర్థం చేసుకోవడం తేలిక.

పదో తరగతి మధ్యలో, జనవరి నెలలో, విజయవాడ నుంచి అమెరికాలోని మోరిస్‌విల్ వచ్చిపడ్డాను. నాన్నకి ఇక్కడ ఉద్యోగం. హైస్కూల్లో మొదటిరోజు క్లాసులెక్కడో తెలియడానికి మ్యాప్ ఇచ్చారు, లాకర్ ఎలా తెరవాలో చూపించారు. లంచ్‌లో ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మన తెలుగు పిల్లల టేబుళ్ళు రెండుండేవి. వాళ్ళంతా చిన్నప్పట్నుంచీ కలిసి చదువుకున్నవాళ్ళు. నన్ను చూసి నవ్వేవాళ్ళు గానీ, జరిగి చోటిచ్చిన పాపాన ఎవరూ పోలేదు. మూడు వారాలపాటు డబ్బా చేత్తో పట్టుకుని, ఎవరికోసమో వెతుకుతున్నట్టు నటిస్తూ, కాలు కాలిన పిల్లిలా కెఫెటీరియా అంతా తిరిగాను. బెల్లుకి ఐదు నిమిషాల ముందు లాకర్ పక్కన నిలబడి నాలుగు ముద్దలు మింగేదాన్ని. ఇంట్లో అమ్మ అడిగితే ఫ్రెండ్స్‌తో తిన్నానని చెప్పేదాన్ని.

తర్వాత కెమిస్ట్రీ ల్యాబ్‌లో పరిచయమైన ఒకమ్మాయి పిలిస్తే నాకూ ఓ చోటు దొరికింది. కోపం మాత్రం తగ్గలేదు. పదకొండో తరగతి మొదలవగానే ఒక క్లబ్బు పెట్టి తీరాలనుకున్నాను. దాని పని ఒక్కటే. వెండింగ్ మెషీన్ పక్కనున్న పొడవాటి టేబుల్ దగ్గర రోజూ లంచ్‌లో మేం కూర్చుంటాం, స్కూలుకి కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా అడక్కుండా వచ్చి కూర్చోవచ్చు.

క్లబ్బు పెట్టాలంటే ఒక టీచర్ బాధ్యత తీసుకోవాలి, పదిమంది స్టూడెంట్లు సంతకం పెట్టాలి. ఫిజిక్స్ టీచర్ ఒప్పుకున్నారు. సంతకాల కోసం మన తెలుగు టేబుళ్ళ దగ్గరికే వెళ్ళాను. ఈ క్లబ్బు ఏం చేస్తుందని ఒక్కరూ అడగలేదు. నాకేం పొజిషన్ ఇస్తావనే అందరూ అడిగారు. మంచి స్టూడెంట్లని ఏరి చేర్చుకునే ఆనర్ సొసైటీ ఒకటుంది, అందులో చేరాలంటే మార్కులొక్కటే చాలవు, ఫారంలో లీడర్‌షిప్ అనే గడి కూడా నింపాలి. కాలేజీ అప్లికేషన్లలోనూ అదే గోల. అందుకని మా స్కూల్లో ప్రెసిడెంట్లు దొరికినంత సులువుగా మామూలు మెంబర్లు దొరికేవాళ్ళు కాదు. నేనేం తక్కువ తినలేదు, మొదటి లైన్లో ప్రెసిడెంట్ అని నా పేరే రాసుకున్నాను. ఆ తర్వాత ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లు, ఒక సెక్రటరీ, చిల్లిగవ్వ లేని క్లబ్బుకి ఒక ట్రెజరర్, పోస్టర్లకి ఒక డైరెక్టర్, ఆ డైరెక్టర్‌కి ఒక అసిస్టెంట్ డైరెక్టర్. అడిగినవాళ్ళకి అడిగినట్టు పంచిపెట్టాను. నాతో కలిపి పదకొండు సంతకాలయ్యాయి. పదకొండు మందీ ఆఫీసర్లే.

స్కూలు ఏటా వేసే ఇయర్‌బుక్ కోసం ఫొటో తీసిన రోజున అందరూ ఒకే రంగు టీషర్టులేసుకుని వచ్చి పళ్ళికిలించారు. మర్నాటి నుంచి ఒక్కరూ పత్తా లేరు. ఎవరి టేబుళ్ళు వాళ్ళకున్నాయి మరి. అక్టోబర్‌లో హోండురస్ దేశం నుంచి ఒకమ్మాయి వచ్చి చేరింది. ఇంగ్లీష్ అంతంతమాత్రం. పోస్టర్ చూసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఖాళీ బెంచీలు చూపించి, మిగతావాళ్ళేరని చేత్తోనే అడిగింది. వస్తారన్నాను. నాకు తల కొట్టేసినట్టయింది.

నవంబర్‌లో టీచర్ నన్ను పిలిచారు. చలికాలం సెలవులకి ముందు ఒకరోజు ప్రతి క్లబ్బుకీ ఎంతమంది వస్తున్నారో చూస్తారట. పదిమంది లేకపోతే రద్దు. ఆవిడ నా సంతకాల కాగితం తీసి నాకే చూపించారు.

"ఇందులో పదకొండు మంది ఆఫీసర్లున్నారు. క్లబ్బెక్కడుంది?"

ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు, నామీద నాకే. ఆ రోజే గ్రూప్ చాట్‌లో పెట్టాను. రేపట్నుంచి ఈ క్లబ్బులో పదవుల్లేవు, నాది కూడా లేదు, వచ్చి కూర్చున్నవాళ్ళే మెంబర్లు అని. పది నిమిషాల్లో ఎనిమిది మంది గ్రూప్ వదిలేసి వెళ్ళిపోయారు. మిగిలిన ఇద్దరూ మెసేజ్ చూసుకోలేదనుకుంటాను.

సాయంత్రానికల్లా ఒక ఆంటీ అమ్మకి ఫోన్ చేసింది. సరిగ్గా ఫారాలు ఇచ్చే టైముకి మీ అమ్మాయి మా అమ్మాయి వైస్ ప్రెసిడెంట్ పోస్టు పీకేసిందేంటని. అమ్మకి ఆనర్ సొసైటీ అంటే ఎంతో ఆశ. అందులో చేరే రోజు పిల్లలు స్టేజీ మీద కొవ్వొత్తి వెలిగించే ఫొటోలు ఏటా తెలిసినవాళ్ళందరి ఇళ్ళ నుంచీ ఫోన్‌లో వచ్చేవి. మా ఇంటి నుంచీ ఒకటి వెళ్ళాలని తన కోరిక.

"అందరి పిల్లలకీ ఏదో ఒకటి ఉంది. నీ ఫారంలో ఏం రాస్తావే?"

"మెంబర్ అని రాస్తానమ్మా."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు వంటింట్లోకి వెళ్ళి, లంచ్‌లో డబ్బా పట్టుకుని తిరిగిన ఆ మూడు వారాల సంగతి మొదటిసారి చెప్పాను. ఫ్రెండ్స్‌తో తిన్నానన్నావుగా అంది. అబద్ధం చెప్పానన్నాను. అమ్మ గిన్నెలు సర్దడం ఆపేసింది. ఆ తర్వాత ఫారం ఊసెత్తలేదు.

ఇక పదిమందిని తేవాలి. ఈసారి కూర్చున్నవాళ్ళ దగ్గరికి పోలేదు, తిరిగేవాళ్ళ దగ్గరికి పోయాను. ఆ వేషాలన్నీ నాకు కంఠతా వచ్చు. ఫోన్ చూసుకుంటూ హడావుడిగా నడవడం, అక్కర్లేకపోయినా మళ్ళీ క్యూలో నిలబడడం, వెండింగ్ మెషీన్ ముందు ఏమీ కొనకుండా ఆలోచించడం. రోజుకొకరిని పట్టుకున్నాను. కొందరు మొహం మీదే వద్దన్నారు. కొందరు ఒకరోజు కూర్చుని మానేశారు. లెక్క చూసే రోజుకి నాతో, హోండురస్ అమ్మాయితో కలిపి తొమ్మిది మందిమి తేలాం.

ఆ రోజు టీచర్ ఫారం పట్టుకుని టేబుల్ చివర నిలబడ్డారు. ఇంకో పది నిమిషాల్లో బెల్లు కొడుతుందనగా ఆ ఆంటీ వాళ్ళమ్మాయి అటుగా వచ్చి ఆగింది. తనూ లెక్కపెట్టుకున్నట్టుంది. నా చెవి దగ్గరకి వంగింది.

"నేను కూర్చుంటే టెన్ అవుతారు కదా. నా వైస్ ప్రెసిడెంట్ మళ్ళీ ఇస్తావా? ఫ్రైడే ఫారం సబ్‌మిట్ చేయాలి."

సరేనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క పోస్టు ఇస్తే క్లబ్బు నిలబడుతుంది, అడిగేవాళ్ళెవరూ లేరు. ఈలోగా హోండురస్ అమ్మాయి, ఎవరో కొత్తగా వచ్చారనుకుని, తన ట్రే పక్కకి లాక్కుని జరిగి చోటిచ్చింది. నేను మూడు వారాలు ఎదురుచూసింది దానికోసమే.

"చోటుంది, కూర్చో. పదవి మాత్రం లేదు," అన్నాను.

తను ఆ చోటు వంక చూసి, వెళ్ళిపోయింది. బెల్లు కొట్టేదాకా ఆగి, టీచర్ తొమ్మిది అని రాసుకున్నారు. మధ్యాహ్నం పోస్టర్ తీసేశారు. నేను బాత్రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చాను. మొండితనంతో చేజేతులా పోగొట్టుకున్నానా అని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది.

మర్నాడు లంచ్‌కి అటు వెళ్ళడానికి మనసొప్పలేదు. అయినా వెళ్ళాను. ఎనిమిది మందీ అప్పటికే కూర్చుని తింటున్నారు. క్లబ్బు రద్దయిందని చెప్పాను. ఒకతను, "అయితే ఏంటి" అన్నట్టు చూసి, చిప్స్ ప్యాకెట్ నా వైపు తోశాడు. తిండి తినడానికి ఎవరి పర్మిషన్ కావాలి? కూర్చుని డబ్బా తెరిచాను. అమ్మ రోజూ పెట్టేదానికి రెట్టింపు పులిహోర ఉంది.

ఆనర్ సొసైటీ నన్ను తీసుకోలేదు. మా ఇంటి నుంచి కొవ్వొత్తి ఫొటో ఎవరికీ వెళ్ళలేదు. టేబుల్ మాత్రం ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు, ట్రే పట్టుకుని ఫోన్ చూసుకుంటూ ఒక కొత్తమ్మాయి మా ముందు నుంచి రెండోసారి నడిచి వెళ్ళింది. నేను డబ్బా మూతపెట్టి లేవబోయాను. హోండురస్ అమ్మాయి అప్పటికే లేచి, సగం దూరం వెళ్ళిపోయింది.