ఫోటోలో ఒక పాదం

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ కట్టి చూడమని మాత్రం అనలేదు. ఆ పని నేను చేస్తున్నాను. ప్రొద్దుటూరులో ఆఫీసు, జమ్మలమడుగులో ఒక ఇల్లు, పులివెందులలో ఇంకొకటి. ఒకచోట ఉన్నంతసేపూ మరోచోట ఏం పాడవుతోందోనని కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాను. ఆర్కిటెక్టు అంటే మావైపు ప్లాను గీసి, సంతకం పెట్టి, పక్కకు తప్పుకోవలసిన మనిషి. ఆ తప్పుకోవడమే నాకు చేతకాదు.

జమ్మలమడుగు ఇంటాయన కువైట్‌లో డ్రైవరు. కింద అంగళ్లు, పైన కాపురం అనుకున్నాడు. సెలవు మీద వచ్చినప్పుడు నన్ను ఒకటే అడిగాడు.

"మాయమ్మకు మోకాళ్లు పోయినాయి మేడమ్. ఒకసారి పైకెక్కితే మళ్లీ దిగలేదు. ఆడ కూచోని బజారు చూసేట్ల ఏమన్నా చెయ్యండి."

వీధివైపు నాలుగడుగుల బాల్కనీ గీశాను. కింద స్తంభాలు ఉండవు. అట్లాంటి బాల్కనీకి ఇనుప కడ్డీలు స్లాబు పైభాగంలో ఉండాలి. అడుక్కు జారితే, కింద ఊతంగా పెట్టిన సెంట్రింగు తీసిన రోజే విరిగిపడొచ్చు.

స్లాబు వేసే రోజు నేను పులివెందులలో ఉన్నాను. మేస్త్రి ఫోటో పంపాడు. కడ్డీలు పైనే ఉన్నాయి. సరే, వేసేయండి అన్నాను.

పని ముగించుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాక మనసు ఊరుకోలేదు. ఫోటో మళ్లీ తెరిచి పెద్దది చేసి చూశాను. మూలలో ఒక పాదం, చెప్పు లేనిది, బాల్కనీ కడ్డీ మీద ఉంది. దాని కింద కడ్డీ వంగి ఉంది. తట్టలు మోసేవాళ్లు దాన్ని ఇంకెన్నిసార్లు తొక్కుతారు? నడవడానికి పలకలు పరచమని నేను చెప్పనేలేదు. మేస్త్రికి ఫోన్ చేశాను. మిక్సర్ మోతలో అతనికి వినపడలేదేమో, ఎత్తలేదు. ముద్దనూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. జమ్మలమడుగు చేరేదాకా తొందరగా పొమ్మని ఆ ఆటో అతని ప్రాణం తీశాను.

స్లాబు రోజు కూలీలకు ఇంటివాళ్లు మాంసం భోజనం పెట్టడం ఆనవాయితీ. వీధి మొదట్లోనే బిర్యానీ వాసన వచ్చింది. పైకెళ్లేసరికి బాల్కనీ కాంక్రీటు వేసేసి చదును చేస్తున్నారు.

"తోడేయండి," అన్నాను.

మేస్త్రి ముఖం మాడిపోయింది. "ఏంది మేడమ్, ఫోటో చూసి సరే అన్నది మీరే గదా!"

"నేనే. తప్పు నాదే. తోడేయండి."

"ఎల్లుండి నా ఫ్లైటు మేడమ్," అన్నాడు ఇంటాయన. "స్లాబు చూసుకోని పోదామనుకుంటే ఇదేంది?"

కింద కుర్చీలో కూచున్న వాళ్లమ్మ తలెత్తి అరిచింది. "తియ్యనీరా! ఆడ కూచునేది నేను గదా!"

పచ్చి కాంక్రీటు పారలతో తోడారు. నాలుగు కడ్డీలు అడుక్కు అంటుకుపోయి ఉన్నాయి. మేస్త్రి తానే మోకాళ్ల మీద వంగి, కడ్డీలు ఎత్తి, మళ్లీ జారకుండా కింద కడప రాయి ముక్కలు పెట్టాడు. మళ్లీ కాంక్రీటు వేసేసరికి బిర్యానీ చల్లారిపోయింది. అయినా అందరూ ఆకలి మీద తిన్నారు. నేను ఫోన్ చేతిలో పట్టుకుని కూచున్నాను. ఆ ఫోటో రెండోసారి తెరవకపోయి ఉంటే? సిగ్గేసింది, భయమూ వేసింది.

సెంట్రింగు తీసేనాటికి ఇంటాయన కువైట్‌లో ఉన్నాడు. పైన తాను నిలబడతానని మేస్త్రి అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఊతాలన్నీ తీసేశాక నేనే బాల్కనీ కొసకు వెళ్లి నిలబడ్డాను. అది కదల్లేదు.

ఇప్పుడు పెద్దామె రోజూ సాయంత్రం అక్కడే కూచుంటుంది. నేను ఆ దారిన పోతుంటే, "కూతురా, టీ తాగి పో!" అని పిలుస్తుంది. తలెత్తుతాను. ముందు బాల్కనీ అడుగు చూసి, పగుళ్లు లేవని తేల్చుకుని, ఆ తర్వాతే ఆమె ముఖం చూస్తాను.