క్రిస్మస్ చెట్టు మీది మచ్చ

చోడవరంలో మా చర్చి ముందు క్రిస్మస్ చెట్టొకటి ఉంది. ఏటా ఓ వరస కొమ్మలు వేస్తూ నిటారుగా పెరుగుతుంది. డిసెంబరు రాగానే దాని మొదలుకి నడుమెత్తు వరకూ మా అత్త సున్నం వేస్తుంది. ఇంకెవర్నీ కుంచె ముట్టనివ్వదు.

రెండేళ్ల కిందట ఆ మొదలు మీద బూడిదరంగు మచ్చలు కనిపించేయి. "సెట్టుకి గజ్జి పట్టింది" అంటూ అత్త కొబ్బరిపీచుతో రుద్దడం మొదలెట్టింది. పక్కనే కూర్చుని చర్చి విందుకి బిర్యానీ మసాలా బాగుచేస్తన్న నాకు చిర్రెత్తింది. చేటలోంచి ఒక రాతిపువ్వు రెక్క తీసి ఆ మచ్చ పక్కన పెట్టేను.

"సూడత్తా. నువ్వు గజ్జి అన్నదాని సుట్టాన్నే ఏటేటా బిర్యానీలో తింటన్నావు."

ఆవిడ చెయ్యి ఆగింది. ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పే నా నోరు మాత్రం ఆగలేదు. "లైకెన్ అంటారు. సెట్టు రసం తాగదు. గాలి మరీ పాడైతే బతకదు. సెట్టు మూరెడు పెరిగేలోగా ఇది గోరంతైనా పెరగదు. పైగా ఒకటి కాదు, బూజూ నాచూ కలిసి సేసే కాపురం."

"దెబ్బలాడుకోవా అవి?" అంది అత్త.

పోయిన డిసెంబరుకి చెట్టు ఇంకో వరస వేసింది. సున్నం మధ్యలో అరచెయ్యంత మచ్చ అలాగే మిగిలింది. దాని చుట్టూ అత్త కుంచె తిరిగినంత జాగ్రత్తగా ఆవిడ నాతో ఎన్నడూ మాట్లాడలేదు. అయితే ఆ రోజు, రెండో కుంచె నా చేతికిచ్చింది.