అమ్మ కదిలిన ఫొటో

ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి కూర్చున్నానో లేదో, మా పాత వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. నా చిన్నప్పుడు ఖానాపురం హవేలి అనే ఊళ్లో మేం కిరాయికున్న వీధి అది. కొత్త బోరింగు వేసిన రోజు, అందరూ దాని చుట్టూ నిలబడ్డారు.

తీసింది టైలర్ కరీం చాచా. వీధి మొత్తానికి కెమెరా ఆయన దగ్గరే ఉండేది. ఎవరికైనా బదిలీ అయితే, సామాను లారీకెక్కించాక ఇంటి ముందు నిలబెట్టి ఒక ఫొటో తీసేవాడు. మర్నాటికి ఆ ఇంటికి తాళం ఉండేది. నా దోస్తు పద్మ కూడా అలాగే వెళ్లిపోయింది. ఫొటో తీస్తే మనుషులు వెళ్లిపోతారని ఆరేళ్ల నేను గట్టిగా నమ్మాను.

అందుకే ఆ రోజు అమ్మ వరుసలో నిలబడగానే కొంగు పట్టుకుని లాగాను.

"వద్దమ్మా, ఇంటికి పోదాం రా!"

"ఏందే గిట్ల జేస్తున్నవ్? జర నిలవడు."

"ఏడ్వకు బేటీ, ఇటు దిక్కు చూడు," అన్నాడు చాచా. నేను ఇంకా గట్టిగా లాగాను. అమ్మ నావైపు వంగింది. అప్పుడే కెమెరా క్లిక్‌మంది.

ఫొటోలో అందరి ముఖాలూ తేటగా ఉన్నాయి, అమ్మది తప్ప. వాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. అమ్మా లేదు.

"ఆ మసకగా ఉన్నామె ఎవరు?" అని గ్రూపులో ఎవరో అడిగారు. నేను రాశాను: "మా అమ్మ. నన్ను చూస్తోంది."