తెరచాప నిండా గాలి

రాయదుర్గం బస్టాండు వెనక వీధిలో ఫోటో స్టూడియో నడిపే పీర్ మహమ్మద్‌కు కాలు ఒకచోట నిలవదు, కన్ను అసలే నిలవదు. గిరాకీని స్టూలు మీద కూర్చోబెట్టి గడ్డం ఎత్తమంటాడు, అంతలోనే గోడ మీది పాత క్యాలెండర్ల వైపు చూస్తాడు. ఆ గోడ నిండా తెరచాప పడవలే. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఊళ్ళో వీడికి పడవల పిచ్చేమిటని జనం నవ్వేవాళ్ళు.

పిచ్చి ఊరికే పట్టలేదు. పెళ్ళికి ముందు వేరుశనగ లారీకి క్లీనరుగా కాకినాడ పోయినప్పుడు, కొయ్య నావ ఒకటి చాప నిండా గాలి పట్టి రేవులోకి రావడం చూశాడు. చేతిలో కెమెరా లేదు. కెమెరా పట్టడం నేర్చుకున్నదే ఆ తరవాత, ఆ ఒక్క ఫోటో కోసం. కడుపు మాత్రం పెళ్ళి ఫోటోలతో నింపుకుంటూ వచ్చాడు. ఖాళీ దొరికితే క్యాలెండరు బొమ్మలకు వంకలు పెట్టేవాడు. "చాపకేసిన మాసికలు కనపడల్ల. ఏం తీసినాడు వీడు!"

"నా మొగం ఎప్పుడన్నా అట్ల చూసినావా?" అనేది భార్య మదీనాబీ.

రెండువేల ఒకటిలో, జీన్సు ప్యాంట్లు కుట్టించే గంగప్ప కూతురి పెళ్ళి కాకినాడలో జరిగింది. ఫోటోల పనికి పీర్ మహమ్మద్ బేరమాడకుండా ఒప్పుకున్నాడు. తాళి పడింది, భోజనాలయ్యాయి. తిరుగు బస్సుకు ఇంకా వ్యవధి ఉందని ఆటో ఎక్కి రేవుకు పరుగెత్తాడు. అన్నీ ఇంజను పడవలే. వెతగ్గా వెతగ్గా పోలయ్య అనే ముసలాయన నావ ఒక్కటి దొరికింది. నూనె తాగి నల్లబడిన చెక్కలు, మాసికల మీద మాసికలు పడిన చాప. వాటిని చేత్తో తడుముతుంటే అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోలయ్య ముచ్చటపడ్డాడు.

"ఉండండి బాబూ, మీకోసం ఓ సుట్టు తిప్పుతాను" అని నావ ఎక్కి చాప ఎత్తాడు.

చాప పొంగింది. నావ ఒక పక్కకు ఒరిగి నీళ్ళు కోసుకుంటూ పోయింది. పీర్ మహమ్మద్ కెమెరా కంటికి ఆనించి ఆగాడు. రాయదుర్గంలో గాలి అంటే దుమ్ము. గాలి అంటే ఎగిరిన పైట, కదిలిపోయిన ముఖం, వెనక్కి వచ్చిన ఫోటో. గాలి తగ్గాకే బటన్ నొక్కడం అతనికి ఏళ్ళ నాటి అలవాటు. ఇప్పుడూ కాస్త తగ్గనీ అనుకున్నాడు. నిజంగానే తగ్గింది. చాప కాస్తా ఆరేసిన లుంగీలా వేలాడింది. పోలయ్య తెడ్డు అందుకున్నాడు.

నావ ఒడ్డు చేరేసరికి పీర్ మహమ్మద్ నెత్తి బాదుకుంటున్నాడు. "ఇంకొక్కసారి ఎత్తన్నా!"

"గాలి ఏదండీ? మళ్ళీ తెల్లారాలి మరి."

తెల్లారేదాకా ఉండే వీలెక్కడిది? మర్నాడు సాయంత్రం రాయదుర్గంలో రిసెప్షన్. దానికీ ఫోటోలు తీయాల్సింది తనే. అతను కల్యాణమండపం చేరేసరికి బస్సు అప్పటికే హారన్ కొడుతోంది.

"యాడ పోయినావప్పా? ఎక్కు!" అన్నాడు గంగప్ప.

పీర్ మహమ్మద్ సంచీ ఆయన చేతిలో పెట్టాడు. "పెండ్లి రీళ్ళన్నీ దీంట్లో ఉండాయన్నా. పడవ ఫోటో ఒకటి మిగిలిపోయింది, నేను రాలేను. రేపటికి ఇంకెవురినన్నా పిలుచుకో."

"మతి పోయిందా నీకు? నా కూతురి రిసెప్షన్ కంటే ఆ కొయ్య ఎక్కువైందా? ఇంక రాయదుర్గంలో నీకు పెండ్లి పని ఎవడిస్తాడో నేనూ చూస్తా!"

బస్సు కదిలింది. పీర్ మహమ్మద్‌కు భయమేసింది, చాలా భయమేసింది. అయినా ఎక్కలేదు.

తెల్లవారాక గాలి లేచింది. పోలయ్య చాప ఎత్తాడు. ఈసారి పీర్ మహమ్మద్ ఆగలేదు. కళ్ళలో ఇసుక పడుతున్నా, రీలు అయిపోయేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

గంగప్ప మాట నిలబెట్టుకున్నాడు. ఆ తరవాత పీర్ మహమ్మద్‌ను పెళ్ళికి పిలిచినవాడు లేడు. పాస్‌పోర్టు ఫోటోలతోనే ఇల్లు గడవాల్సి వచ్చింది. మదీనాబీ జీన్సు ప్యాంట్లకు గుండీలు కుట్టే పనికి పోసాగింది. స్టూడియో గోడకు తగిలించిన నావ ఫోటో వైపు చాలా కాలం కన్నెత్తి చూడలేదు.

ఒకరోజు పని నుంచి వస్తూ వస్తూ దాని ముందు నిలబడింది.

"దీనికోసమేనా ఇంత చేసినావు?"

"ఊ."

ఆమె దగ్గరికి జరిగి, చాపను, మాసికలను, ఒరిగిన నావను నిదానంగా చూసింది.

"నీ పాడుగాను," అంది, "శానా బాగుండాది."

అతని పడవను ఎవరైనా నవ్వకుండా చూడడం అదే మొదలు. పీర్ మహమ్మద్ గబగబా వీధిలోకి పోయి, గోడ వైపు తిరిగి ఏడ్చాడు.