రెండో విస్తరి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇసుక మాట ఎవరూ ఎత్తేవారు కాదు. వంశధార దాటి గుణుపురం సంతకి వెళ్ళాలంటే ఏటి ఇసుకలోంచే బండి పోవాలి, వేరే దారి లేదు. చక్రం ఇసుకలో దిగబడి కిర్రుమన్నప్పుడల్లా నాన్న పెదవులు బిగించేవాడు. నాయనమ్మ చీరచెంగు చెవుల మీదికి లాక్కునేది. మా మేనత్త ఆ ఇసుకలోనే, ఆ బండిలోనే పోయింది.

ఆమెకది తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేస్తే నాన్న బండి కట్టి గుణుపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడున్నది మగ డాక్టరు. లోపలికి తీసుకురమ్మని పాపం ఆయన బతిమాలాడట. మగవాడి చేత చూపించడమేమిటని నాయనమ్మే బండి వెనక్కి తిప్పించింది. శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి ఇక్కడ ఒడిశాలో సాగు చేసుకుంటున్న మావాళ్ళలో అది తప్పన్నవాళ్ళు ఒక్కరూ లేరు. పరువు నిలబెట్టిందని మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పే నాయనమ్మని పీక్కుతింది. మధ్యాహ్నాలు ఇల్లంతా కునుకు తీస్తుంటే ఆమె చావిడిలో ఖాళీ బండి పక్కన నిలబడి లోపలికి తొంగి చూస్తూ ఉండేది. ఎవరిని చూస్తోందో నాకు తెలుసు.

మా పెద్దక్క మెట్రిక్ పాసైంది. బరంపురం కాలేజీలో సైన్సు చదివి, ఆ తర్వాత డాక్టరు చదువుకి వెళ్ళాలని ఆమె ఆశ. నాన్న కుదరదన్నాడు. అంత చదివిన పిల్లకి మనలో మొగుడెక్కడ దొరుకుతాడని చుట్టాలు వంతపాడారు. పార్వతీపురం వైపు సంబంధం ఒకటి చూశారు. అత్తింటివాళ్ళు మానేశాక మా ఇంట్లోనే పెడుతున్న అత్త తద్దినానికి ఎలాగూ అందరూ వస్తారు కాబట్టి భోజనాలయ్యాక తాంబూలాలు పుచ్చుకుందామని అనుకున్నారు. అక్క ఎవరితోనూ మాట్లాడటం మానేసింది.

తద్దినం ముందురోజు బడి పెద్ద మాస్టారు మా అరుగు మీదకి వచ్చాడు. ఒడియా ఆయన. సగం ఒడియా, సగం తెలుగులో పైచదువుల గొప్ప చెప్పాడు. ఉద్యోగం వస్తుందన్నాడు, గౌరవం వస్తుందన్నాడు, దేశం బాగుపడుతుందన్నాడు. మావాళ్ళు మర్యాదగా తలలూపి, ఆయన వీధి మలుపు తిరగగానే ఎద్దుల గురించి మాట్లాడుకున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నాయనమ్మ మాత్రం గడప లోపల కూర్చుని అడ్డాకుల విస్తళ్ళు కుడుతూ అంతా విన్నది.

మర్నాడు అత్త పేరున విస్తరి వేసి, ఆమెకిష్టమైన పనసపొట్టు కూరా గారెలూ వడ్డించారు. అప్పుడు నాయనమ్మ దాని పక్కనే ఇంకో విస్తరి పరిచింది. అది అత్త బిడ్డకేమో అనుకున్నాం గానీ, కడుపులో పోయిన బిడ్డకి విస్తరి వేసే ఆనవాయితీ మాలో లేదు. చుట్టాలు మొహాలు చూసుకున్నారు. సంబంధం తెచ్చిన ముసలాయన, నాన్నకి పెదనాన్న వరస, ఆ విస్తరి ఎవరికని అడిగాడు.

“ఆవేళ ఆసుపత్రిలో నేని డాక్టరమ్మకి,” అంది నాయనమ్మ. “రావల్సిన మనిసి రానేదు. ఈయేళైనా వస్తాదేమోనని ఏసేను.”

ఆమె గొంతు పెంచకుండానే మిగతాది కూడా అనేసింది.

“నా కూతుర్ని నొప్పులు సంపనేదు. మగోడు ముట్టుకోకూడదని నానే సంపుకున్నాను. మగోడు ముట్టుకోకూడదంటారు, ఆడపిల్లని సదివించొద్దంటారు. మరి రేపు మీ కూతుళ్ళని ఎవులు ముట్టుకుంటారు?”

నాయనమ్మ గుమ్మంలో నిలబడ్డ అక్కని చూసి, “అమ్మీ, వచ్చి కూకో,” అంది.

చనిపోయినవాళ్ళ విస్తరి పక్కన కన్నెపిల్ల కూర్చోవడమా! అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క వచ్చి ఆ రెండో విస్తరి ముందు కూర్చుంది. నాయనమ్మ అన్నం పెట్టింది. నాన్న ఆమె రెక్క పట్టుకుని లేపేలాగే దూసుకొచ్చాడు గానీ, అక్క అప్పటికే తొలి ముద్ద నోట్లో పెట్టుకుంది. నాయనమ్మ వెనక్కి తిరక్కుండానే, “ఒరే, అన్నం తింటన్న మనిసిని లేపకూడదు,” అంది.

నాన్న ఆగిపోయాడు. ఎంత కోపమున్నా మా ఇళ్ళలో ఆ పని చెయ్యరు, నాయనమ్మకి అది తెలుసు. అక్క కళ్ళనీళ్ళు విస్తట్లో పడుతున్నా తింటూనే ఉంది, నాయనమ్మ వడ్డిస్తూనే ఉంది. చాలాసేపటికి నాన్న అక్క పక్కన నేల మీద చతికిలబడ్డాడు. అక్కని కాదు, ఆ పక్కనున్న అత్త విస్తరిని చూస్తూ, “ఈసారి బండి ఎనక్కి తిప్పనమ్మా,” అన్నాడు. నాన్న ఏడవడం నేను చూసింది అప్పుడే.

తాంబూలాల పళ్ళెం అలాగే ఉండిపోయింది. బరంపురం కాలేజీకి వెళ్ళే అక్కని గుణుపురంలో చిన్న గేజి రైలెక్కించడానికి ఇసుకలోంచి బండి వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. చక్రం కిర్రుమంది. నాన్న బండి ఆపలేదు.

అక్క డాక్టరై కల్యాణసింగ్‌పూర్ వైపు పనిచేసింది. ఆమె వేసిన దారినే నేనూ చదువుకుని కాలేజీలో పాఠాలు చెప్పాను. కొండల మీది నుంచి డోలీల్లో వచ్చిన తల్లుల్ని అక్క ఎందరినో బతికించింది. అత్త మాత్రం తిరిగి రాలేదు. నాయనమ్మ పోయేదాకా ఆ ఖాళీ బండిలోకి చూడటం మానలేదు.

నిరుడు అక్క కూడా వెళ్ళిపోయింది. పిల్లల్ని పైచదువులకి పంపమని తల్లిదండ్రులకి చెప్పడానికి రాయగడలోనో కోరాపుట్‌లోనో నన్ను పిలుస్తుంటారు. మాస్టారు చెప్పినవన్నీ నిజమే, కానీ నా నోటికి అవి రావు. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచమని మాత్రం అడుగుతాను. ఎవరూ కూర్చోకుండా చూడమంటాను. కాసేపటికి ఎవరో ఒకరు అది ఎవరికని అడుగుతారు. రావలసిన మనిషి ఇంకా రాలేదని చెబుతాను. అప్పుడు నా చెవిలో చక్రం ఇసుకలో కిర్రుమంటుంది. అది ఆగేదాకా ఆగి, మా అత్త గురించి మొదలుపెడతాను.